కువలయ గుండెలో చిలక

అనగనగా ఒక రాజు. రాజన్నాక కొడుకులుండాలి కదా, ఈయనకి ముగ్గురున్నారు. పెద్దవాడు రణధీరుడు, అతని బలమంతా భుజాల్లో ఉండేది. రెండోవాడు చతురసేనుడు, అతని బలమంతా నోట్లో ఉండేది. మూడోవాడు శాంతసేనుడు. ఇతనికి ఏ పనికీ తొందర లేదు. బంతిలో కూర్చుంటే అందరూ చేతులు కడుక్కునే వేళకి ఇతనింకా పప్పన్నంలోనే ఉండేవాడు.

ఏడు సముద్రాల అవతల మణిమంతపురం అని ఇంకో రాజ్యం ఉంది. ఆ రాజుగారి ఒక్కగానొక్క కూతురు కువలయ. కువలయమంటే నల్లకలువ. కళ్ళు అలా ఉన్నాయని పెట్టారు గానీ, పెదాలు కూడా ఆ రంగుకి తిరుగుతాయని ఎవరనుకున్నారు?

జరిగిందేమిటంటే, కరాళజటుడనే మాంత్రికుడొకడు వచ్చి పిల్లనిమ్మన్నాడు. కువలయ దాపరికం లేకుండా, “నా గుండెలో నీకు చోటు లేదు” అనేసింది. మామూలు మనిషైతే ముఖం మాడ్చుకుని ఇంటికి పోయేవాడు. వీడు చోటుందో లేదో చూస్తానన్నాడు. వీడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకని కంటికి ఆనని నలుసులా మార్చి, ఆమె గాలి పీల్చుకునే వేళ చూసి ముక్కులోకి ఊదేశాడు. చిలక పోయి ఆమె గుండెలో కూర్చుంది. ఇక వాణ్ణి చంపాలంటే ఆమె గుండెలోకి దూరాలి. అక్కడితో సరిపెట్టుకుందా ఆ చిలక? నెత్తురులో ఉన్న ఊపిరంతా తాగేయడం మొదలుపెట్టింది. కువలయ గోళ్ళు నల్లబడ్డాయి, పెదాలు నల్లబడ్డాయి. మంచం మీంచి కిటికీ దాకా నడిస్తే కూలబడిపోయేది. పున్నమి దాటితే బతకదని వైద్యులు చెప్పేశారు.

చిలకని తీసినవాడికి కూతురినిచ్చి పెళ్ళి చేస్తానని రాజు చాటింపు వేయించాడు. పూర్వం ఒక ముని ఆ రాజుకి మూడు గుళికలిచ్చాడు. గుళిక నోట్లో పెట్టుకుంటే మనిషి నలుసంత అవుతాడు, ఉమ్మేస్తే మళ్ళీ మామూలే. ఒక్కో గుళిక ఒక్కసారికే పనిచేస్తుంది. మూడే ఎందుకిచ్చాడని అడక్కండి. కథల్లో మునులు మూడే ఇస్తారు.

మొదట రణధీరుడు ఏడు సముద్రాలు దాటి వెళ్ళాడు. ఊపిరితోపాటు లోపలికి దూరాడు, చిలకని పట్టుకున్నాడు. పట్టుకుని, వచ్చిన దారినే వెనక్కి పోదామని గుండె తలుపుని భుజంతో తోశాడు. తలుపు తెరుచుకోలేదు సరికదా, బయట కువలయ గుండె తడబడి ప్రాణం మీదికి వచ్చింది. ఆ తోపులాటలో చిలక జారిపోయింది. నెత్తురు ఇతన్ని ఎక్కడెక్కడో తిప్పి, చివరికి ఒక తుమ్ముతో బయట పడేసింది. మనిషి నల్లగా కమిలిపోయి ఆ కోటలోనే మంచమెక్కాడు.

తరవాత చతురసేనుడు వెళ్ళాడు. చిలకని పట్టుకున్నాక అన్నలాగా వెనక్కి పోలేదు, తెలివైనవాడు కదా. అదే దగ్గరదారని చిలక చెప్పిన మాట విని గుండె నడుమ గోడకి చిల్లు పొడవబోయాడు. ఒక్క పోటుకే కువలయ కెవ్వుమని స్పృహ తప్పింది. భయపడి చెయ్యి వదిలేశాడు, చిలక మళ్ళీ తన చోటికే చేరింది. ఇతను దగ్గుతో బయటపడి అన్న పక్కనే ఇంకో మంచమెక్కాడు.

ఇక మిగిలింది మూడోవాడు, మూడో గుళిక. శాంతసేనుడు ఏడు సముద్రాలు ఎలా దాటాడంటారా, పడవెక్కి దాటాడు. రేవులో బురదలోకి దిగేసరికి పిక్కకి జలగ పట్టుకుంది. పడవవాడు ఉప్పు తెస్తానని లేచాడు. శాంతసేనుడు వద్దన్నాడు, దాని కడుపు నిండాక అదే పోతుంది, నాకేం తొందర లేదన్నాడు. ఆ మాటకి జలగ తాగడం ఆపి తలెత్తింది.

“నాయనా, ఉప్పు వెయ్యని మనిషిని నిన్నే చూశాను. నెత్తురు తాగి బతికేదాన్ని, నెత్తురు సంగతి నా దగ్గర విను. గుండెలో కుడివైపు నల్ల ఇల్లు, ఎడమవైపు ఎర్ర ఇల్లు. రెంటికీ నడుమ ఒకటే గోడ, దానికి గుమ్మం లేదు. ఒళ్ళంతా తిరిగి ఊపిరి పంచిపెట్టిన నెత్తురు నల్లబడి నల్ల ఇంటికి వస్తుంది. పక్కింటికే పోవాలి, కానీ గోడలోంచి పోలేదు. బయటపడి ఊపిరితిత్తులకి పోయి, అక్కడ గాలి తగిలి ఎర్రబడి, అప్పుడు ఎర్ర ఇంటికి చేరుతుంది. అక్కణ్ణించి మళ్ళీ ఒంట్లోకి. తలుపులన్నీ ముందుకే తెరుచుకుంటాయి. మీ అన్నలిద్దరూ తొందరపడ్డారు.”

మరి చిలక చావదా అని శాంతసేనుడు అడిగాడు.

“ఎర్ర ఇంట్లో ఉన్నంతకాలం చావదు. పట్టుకుని నల్లదారిన తీసుకుపో. అక్కడ దానికీ ఊపిరాడదు, నీకూ ఆడదు. ఎవరు ముందు పోతారో నేను చెప్పలేను.”

పెదాలు ఎర్రబడగానే గట్టిగా దగ్గమని ఆ పిల్లతో చెప్పు, మర్చిపోకు అని కూడా చెప్పి జలగ బురదలోకి జారిపోయింది.

శాంతసేనుడు కోటకి వెళ్ళి కువలయతో ఆ సంగతి చెప్పాడు. ఆమె ఆయాసపడుతూనే, ఇంతకు ముందు వచ్చినవాళ్ళు గుర్రాల మీద వచ్చినట్టు హడావిడి పడ్డారని, నువ్వూ అలాగే చేస్తావా అని అడిగింది. తనకేం తొందర లేదని ఇతను చెప్పాడు. ఆ జబ్బులోనూ ఆమెకి నవ్వొచ్చింది.

గుళిక నోట్లో వేసుకుని ఊపిరితోపాటు లోపలికి పోయాడు. గాలిగొట్టం రెండుగా చీలింది, ఆ రెండూ కొమ్మలూ రెమ్మలూ అయ్యాయి, ఆ రెమ్మల చివర కుంకుడు నురగలా బుడగలు, ఎటు చూసినా బుడగలే. ఒక్కో బుడగ గోడ ఉల్లిపొర కన్నా పల్చన. ఆ పొరకి అవతల వెంట్రుక కన్నా సన్నటి సందుల్లో నెత్తురు ఒరుసుకుంటూ పోతోంది. వచ్చేటప్పుడు నల్లగా వస్తోంది, పొర పక్కనించి నడిచేసరికి ఎర్రబడిపోతోంది. పాడుగాలి ఇటు వదుల్తోంది, మంచిగాలి అటు తీసుకుంటోంది. ఎంత బాగుందో అనుకుంటూ కాసేపు చూశాడు కూడా, అలాంటి మనిషి. తరవాత పొరలోంచి జారి ప్రవాహంలో పడ్డాడు.

ఎర్ర ఇంట్లో చిలక తాగి తాగి బలిసి కూర్చుంది. రెక్కలు కలిపి ఒడిసిపట్టాడు. గుండె ఒక్కసారి బిగుసుకుంది, ఇద్దరూ ముందు తలుపులోంచి బయటికి విసిరేసినట్టు పడ్డారు. కాలి వేళ్ళ దాకా పోయారు. అక్కడ కండలు ఆకలిగా ఊపిరి లాక్కున్నాయి, నెత్తురు నల్లబడింది. అక్కణ్ణించి పైకి ఎక్కే దారంతా చీకటే. శాంతసేనుడికి ఊపిరాడటం మానేసింది. నల్ల ఇంటికి చేరేసరికి రొమ్ము పగిలిపోతుందేమో అనిపించింది.

అప్పుడు చిలక మంచిదానిలా మాట్లాడింది. “చూడు బాబూ, ఈ గోడ అవతలే నువ్వు ఇందాక హాయిగా ఊపిరి పీల్చుకున్న ఇల్లు. ఎందుకు చుట్టూ తిరిగి చస్తావు? నా మెడ కాస్త వదులు, ముక్కుతో ఒక్క చిల్లు పొడుస్తాను. ఇద్దరం బతుకుతాం.”

భయం వేసింది అతనికి, వెయ్యదూ మరి? వేళ్ళు సడలాయి కూడా. అంతలో వీపుకి ఆనుకున్న గోడ దబ్ దబ్ మని కొట్టుకుంది. అది కువలయ. చిల్లు పడితే నల్లది ఎర్రదానిలో కలిసి ఆమె ఇక లేవదు. వేళ్ళు మళ్ళీ బిగించాడు. గుండె బిగుసుకుని ఇద్దర్నీ ఊపిరితిత్తుల దారిలోకి నెట్టింది. ఆ దారిలోనే చిలక కాళ్ళు కొట్టుకుని, కొట్టుకుని, ఆగిపోయాయి. అదే వేళకి ఎక్కడో తన గుహలో కరాళజటుడు ముద్ద నోట్లో పెట్టుకోబోతూ అలాగే ఒరిగిపోయాడు. ఆ ముద్ద కాకులు తిన్నాయి.

ఇక్కడ కువలయ పెదాలు ఎర్రబడ్డాయి. చెలికత్తెలు అద్దం తెచ్చేలోపే ఆమె బలమంతా కూడదీసుకుని దగ్గింది. ఆ దగ్గుకి శాంతసేనుడు పొర దాటి, బుడగ దాటి, గొట్టం దాటి తివాచీ మీద పడ్డాడు. నోట్లోంచి గుళిక జారింది, మామూలు మనిషయ్యాడు. పిడికిట్లో చచ్చిన చిలక ఉంది. ఒళ్ళు మాత్రం నల్లగా ఉంది, రొమ్ము కదల్లేదు. వైద్యులు నాడి చూసి తలలు వంచుకున్నారు. అన్నలిద్దరూ మంచాల మీంచి లేచి వచ్చి భోరున ఏడ్చారు.

కువలయ ఏడవలేదు. వైద్యుల్ని పక్కకి నెట్టి, అందరూ చూస్తున్నారని కూడా చూడక, అతని ముక్కు పట్టుకుని నోట్లోకి ఊపిరి ఊదింది. ఊది, అతని చెవిలో అంది: “దేనికీ తొందర లేదన్నావు కదా. మరి పోవడానికి ఎందుకింత తొందర?”

మళ్ళీ ఊదింది. మళ్ళీ ఊదింది. శాంతసేనుడు దగ్గాడు. పెదాలు నెమ్మదిగా, అతని పద్ధతిలోనే, ఎర్రబడ్డాయి.

పెళ్ళయింది. బంతిలో అతను తినడం పూర్తయ్యేదాకా ఊరు ఊరంతా కూర్చుంది. ఇద్దరూ చాలాకాలం రాజ్యమేలి, మనవల్నెత్తుకుని, ముసలివాళ్ళయ్యారు. అంత వయసొచ్చాక కూడా, మధ్యాహ్నం అతను కునుకు తీస్తుంటే ఆమె మెల్లగా వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదట. అతను మెలకువగా ఉన్నా కళ్ళు తెరిచేవాడు కాదట.