గోంగూర జాడీ, కోట తాళాలు

కుంతలగిరి మహారాజు రంగభూపతికి చేతిలో పుస్తకం లేనిదే ముద్ద దిగదు. ఎడమచేత తాళపత్రాలు, కుడిచేత కలిపిన అన్నం. ఏ కావ్యం తిరగేసినా పప్పు మరకలే. వాటిని తుడిచి తుడిచి గ్రంథపాలకుడు కూర్మనాథం నడుము పడిపోయింది.

రాజుగారికి సెల్‌ఫోన్ కూడా ఉంది. ఆ కాలంలో సెల్‌ఫోనేమిటని అడక్కండి. కథకు కాళ్లు లేవు, ముంతకు చెవులు లేవు.

ఒకనాడు మంత్రులంతా పంక్తిలో కూర్చుని ఉండగా రాజుగారికి బుద్ధి పుట్టింది.

"ఇక పుస్తకాలన్నీ ఫోన్‌లోనే చదువుతాం. మరక పడితే గుడ్డతో తుడిస్తే పోతుంది!"

ఆస్థాన యంత్రశిరోమణి విరూపాక్షుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. ఆ బిరుదు తనకు తానే ఇచ్చుకున్నాడని వంటవాళ్లు చెప్పుకుంటారు.

"నేను తయారుచేసిన యాప్ ఉంది ప్రభూ. పేరు పఠనకల్పవల్లి. లోకంలో దానికి సాటి లేదు."

యాప్ వేశారు. తెరవగానే తెర మీద ఒక ప్రశ్న పడింది: ఈ ఫోన్‌లోని ఫైళ్లన్నీ చూడటానికి అనుమతిస్తారా?

రాజుగారి చెయ్యి పప్పులో ఉంది. ఫోన్ పట్టుకున్నది కూర్మనాథం. ప్రశ్న చదివి, తటాలున "వద్దు" అన్నచోట నొక్కేశాడు. పుస్తకం తెరుచుకోలేదు. పప్పన్నం చల్లారింది, రాజుగారు వేడెక్కారు.

"రాజద్రోహం!" అని అరిచాడు విరూపాక్షుడు. "ప్రభువుల చదువుకే అడ్డుపడ్డాడు!"

"ఎందుకు నొక్కావురా?" అన్నారు రాజుగారు.

"నోటితో చెబితే తలకెక్కదు ప్రభూ. రేపు భోజనాల వేళ చూపిస్తాను."

"చూపించు. నాకు అర్థమైతే సరే. లేదంటే ఎల్లుండి నుంచి ఏనుగుసాలలో లద్దె ఎత్తుదువుగాని."

పద్దెనిమిదేళ్లుగా పుస్తకాల వాసనకు అలవాటుపడ్డ ముక్కు కూర్మనాథానిది. సాలలో ఏనుగులు చూస్తే నలభై ఎనిమిది.

మర్నాడు విరూపాక్షుడూ మంత్రులూ చేరిన పంక్తిలో రాజుగారు పీట మీద కూర్చునేసరికి గరిటె పట్టుకుని కూర్మనాథమే ఎదురుగా నిలబడ్డాడు.

"గోంగూర వెయ్యి."

"చిత్తం. ముందు ఖజానా తాళంచెవి ఇప్పించండి. ఆయుధాగారానిదీ, రాణీవారి నగలపెట్టెదీ కూడా. అలాగే తమరు పరుపు కింద దాచుకున్న ఉత్తరాల పెట్టెది."

రాజుగారికి పొలమారింది. పక్కనే విసురుతున్న రాణీగారి విసనకర్ర ఆగిపోయింది.

"ఏ ఉత్తరాలు?" అన్నారు రాణీగారు.

"గోంగూరకి అవన్నీ ఎందుకురా అప్రాచ్యుడా!" అని రాజుగారు గావుకేక పెట్టారు.

"జాడీ వెతకాలి కదా ప్రభూ. కోటంతా తెరిచిపెడితే ఎక్కడున్నా దొరుకుతుంది."

"వెతకడమెందుకు? అదిగో, ఆ ఉట్టి మీద ఉంది! నేను చూపిస్తున్నాగా, అదొక్కటీ తీసుకో!"

"పుస్తకానికీ అంతే చాలు ప్రభూ."

కూర్మనాథం ఉట్టి మీది జాడీ దించి రాజుగారికి గోంగూర వడ్డించాడు. తర్వాత గరిటె కింద పెట్టాడు.

"పుస్తకం చదవడానికి యాప్ చేతికి ఫోనంతా అప్పజెప్పక్కర్లేదు. ఏ పుస్తకం కావాలో తమరే వేలితో ఎంచి ఇస్తే అదొక్కటే దానికి అందుతుంది. పుస్తకాలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్ వరకే చూపినా సరే. మిగతా తలుపులు మూసే ఉంటాయి. బుద్ధిగల యాప్ అంతకు మించి అడగదు."

"అనుమానపు పక్షి!" అని విరూపాక్షుడు ఎగిరిపడ్డాడు. "నా ఫోన్‌లో దానికి అన్నీ తెరిచిపెట్టాను. నాకేం కొంప మునిగింది?"

"అయితే ఆ ఫోన్‌లో యాప్‌ని నలుగురికీ కనబడేలా తెరవండి స్వామీ," అన్నాడు కూర్మనాథం వినయంగా. అన్నీ చూడగలిగే యాప్ అక్షరమున్న ప్రతి ఫైలునూ పుస్తకమే అనుకుని తెర మీది తన అరలో పేరుస్తుందని అతనికి తెలుసు. ఆ అరలో ఏముంటాయో మాత్రం తెలియదు. మనసులో ఆ నలభై ఎనిమిది ఏనుగులూ కదులుతూనే ఉన్నాయి.

విరూపాక్షుడు దర్జాగా తెరిచాడు. అర నిండింది. వైద్యగ్రంథం. వంటల పుస్తకం. మామగారికి రాసిన క్షమాపణ పత్రం. దాని పక్కనే పెద్ద అక్షరాలతో ఇంకొకటి:

మహారాజు బొజ్జ శతకం.

ముందు రాణీగారు కిసుక్కుమన్నారు. తర్వాత మంత్రులు. చివరికి ఆ బొజ్జ కూడా ఊగడం మొదలుపెట్టింది.

"ఎన్ని పద్యాలయ్యాయి?" అన్నారు రాజుగారు కళ్లు తుడుచుకుంటూ.

"అ... అరవై రెండు ప్రభూ."

"మిగతా ముప్పై ఎనిమిదీ ఏనుగుసాలలో పూర్తి చెయ్యి. లద్దె ఎత్తే చోటు ఎలాగూ ఖాళీగా ఉంది."

అప్పుడు రాజుగారు మొలలోంచి తాళంచెవి తీసి కూర్మనాథం వైపు చాచారు.

"భేష్! ఇదిగో ఖజానా తాళంచెవి. వెళ్లి కావలసింది తెచ్చుకో!"

కూర్మనాథం రెండడుగులు వెనక్కి వేసి దణ్ణం పెట్టాడు.

"ఖజానా అంతా నాకెందుకు ప్రభూ? తమ చేతి కడియం ఒక్కటీ తమరే తీసి ఇవ్వండి, చాలు."

మళ్లీ పంక్తి పంక్తంతా ఘొల్లుమంది. రాజుగారు నవ్వుతూనే కడియం లాగారు. గోంగూర నూనె అంటుకున్న చెయ్యేమో, ఇట్టే జారి వచ్చింది.