గుర్రాలమీద ఫిర్యాదు

ఒకానొక కొండరాజ్యంలో రుద్రసేనుడనే రాజు కొత్త పడకటిల్లు కట్టించుకుంటున్నాడు. తనకు తెలియని విద్య లేదని ఆయన నమ్మకం. కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

ఒకనాడు పని చూడబోతే, ముసలి మేస్త్రి కాటమయ్య తొట్టిలో కరక్కాయలు, బెల్లం నానబెట్టి, ఆ పులిసిన నీళ్లతో సున్నం కలుపుతున్నాడు.

"కరక్కాయలెందుకోయ్? గోడలకేమైనా అజీర్తి చేసిందా?" అన్నాడు రాజు ముక్కు మూసుకుని.

"వానాకాలం గోడకు బూజు పట్టకుండా ప్రభూ. మా తాతలనాటి పద్ధతి."

"ఈ కంపు పారబోయ్. పాలు, పన్నీరు పోసి కలుపు. రాజు పడుకునే గది ఇది!"

ఎవరి పని వాళ్లను చేయనివ్వాలని రాజులకు చెప్పేదెవరు? కాటమయ్య అలాగే పూశాడు.

వానలు మొదలయ్యాయి. నెల తిరక్కుండానే గోడలనిండా నల్లటి బూజు. రాజుకు ఒకటే దగ్గు. "మేస్త్రి పని చెడగొట్టాడు. మూడు రోజుల్లో రాజ్యం విడిచి పోవాలి" అని నిండుసభలో ఆజ్ఞ వేశాడు.

డెబ్బై ఏళ్ల మనిషి. జబ్బుపడ్డ భార్యను వెంటబెట్టుకుని ఆ వానల్లో ఎక్కడికి పోతాడు?

అప్పుడు విదూషకుడు చెన్నుభట్టు లేచాడు. "ప్రభూ, ముందు నా ఫిర్యాదు వినండి. మీ గుర్రాలు రాజద్రోహానికి ఒడిగట్టాయి."

సభ ఘొల్లుమంది. "ఏం చేశాయి?" అన్నాడు రాజు.

"ఏలినవారికన్నా సుఖంగా బతుకుతున్నాయి. వచ్చి చూడండి."

రాజు గొడుగు పట్టించుకుని అందరితో గుర్రపుసాలకు వెళ్లాడు. బయట కుండపోత. లోపల గోడలు పొడిగా, తెల్లగా ఉన్నాయి. వెతికినా బూజు మచ్చ లేదు. అక్కడ నిలబడ్డంతసేపూ ఆయనకు దగ్గు రాలేదు.

"ఈ గోడలు పూసిందెవరు?"

"నేనే ప్రభూ" అన్నాడు కాటమయ్య చేతులు జోడించి. "తమరు పారబోయమన్న నీళ్లు... మనసొప్పక ఇక్కడి సున్నంలో కలిపాను."

రాజుకు తల కొట్టేసినట్టయింది. అయినా బింకం పోలేదు. "సరే చెన్నుభట్టూ, నా గదికి పాలూ పన్నీరూ పోయించిన నేరస్థుడికి ఏం శిక్ష వేయాలో నువ్వే చెప్పు."

"కొత్తగా వేయడమెందుకు ప్రభూ? ఆ మహానుభావుడు ఇన్నాళ్లుగా దగ్గుతూ అనుభవిస్తూనే ఉన్నాడు."

రాజు పకపకా నవ్వాడు. చేతి కంకణం తీసి చెన్నుభట్టుకిచ్చాడు. తన శాలువా కాటమయ్యకు కప్పి, "గోడలు చెక్కించి మళ్లీ పూయి తాతా. కరక్కాయలు ఎన్నాళ్లు నానాలి?" అన్నాడు.

"పదిహేను రోజులు ప్రభూ. కంపు మాత్రం..."

"కొడితే కొట్టనీ. అన్నాళ్లూ నేనిక్కడే పడుకుంటాను" అన్నాడు రాజు. "గుర్రాలు ఒప్పుకుంటే."