మేఘదీవిని కట్టిన అన్నదమ్ములు

ఉప్పలమెట్టలో తెలివైనవాళ్ళెవరని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో పేరు చెబుతారు. చిట్టబ్బాయిని అడిగితే మాత్రం తడుముకోకుండా మూడు పేర్లు చెబుతాడు. ఒకటి తనది, ఒకటి తమ్ముడు అబ్బులుది, ఇంకోటి తన భార్య వరాలుది.

"ఊళ్ళో అందరూ ఎదుటివాళ్ళ మాటలో సొంత బుర్ర కలిపేస్తారండి. మేం కలపం. ఏ మాట చెబితే ఆ మాటే చేస్తాం. ఆయ్" అంటాడు.

అది నిజమే. ఒకసారి పక్కింటివాళ్ళు తీర్థయాత్రకి వెళ్తూ "ఇంటి మీద ఓ కన్నేసి ఉంచండి" అని చెప్పి వెళ్ళారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా అబ్బులు రెండో కన్ను మూసుకునే తిరిగాడు. రెండుసార్లు కాలవలో పడ్డాడు గానీ కన్ను మాత్రం తెరవలేదు.

ఇలా ఉండగా రాజమండ్రిలో కనకవల్లి గారని ఒకావిడ పిల్లల కోసం లావుపాటి నవల రాశారు. కథంతా మేఘదీవి అనే రాజ్యంలో జరుగుతుంది. ఆ దీవి ఏ సముద్రంలోనూ లేదు, ఆవిడ బుర్రలో ఉంది. దానికి కంప్యూటర్లో పటం కట్టించాలి. కాగితం మీద గీసే పటం కాదు. కొండ కొండలా పైకి లేవాలి, లోయ లోయలా కిందికి దిగాలి, ఎటు కావాలంటే అటు తిప్పి చూసుకోవాలి. హైదరాబాదులో ఒకతనికి అప్పజెబితే, "కొండ ఇక్కడ బాగోదు మేడమ్, అడవి అక్కడెందుకు మేడమ్" అని ప్రతిదానికీ అడ్డుపడ్డాడు. ఆవిడకి విసుగొచ్చేసింది.

"సొంత తెలివి వాడకుండా చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళు ఈ లోకంలో లేరా?" అని బస్సులో ఎవరితోనో అన్నారు. కండక్టరుది ఉప్పలమెట్ట. "ఎందుకు లేరండీ, మా ఊళ్ళో ముగ్గురున్నారు" అన్నాడు.

అంతే. అబ్బులు కాకినాడలో కొన్నాళ్ళు కంప్యూటర్ నేర్చుకున్నాడు కూడాను. కనకవల్లి గారు కంప్యూటరూ, అందులో పటాలు కట్టే సాఫ్ట్‌వేరూ పంపించి ఫోన్ చేశారు.

"చూడు చిట్టబ్బాయ్, శుక్రవారం పుస్తకం అచ్చుకి వెళ్ళాలి. పటం లేకపోతే మళ్ళీ ఏడాది దాకా అవదు. మిమ్మల్నే నమ్ముకున్నాను."

చిట్టబ్బాయికి కళ్ళు చెమర్చాయి. పుట్టి బుద్ధెరిగాక అతన్ని నమ్ముకుని ఎవరూ మేకపిల్లని కూడా వదిలి వెళ్ళలేదు.

"ముందు మధ్యలో ఓ కొండ లేపండి. అది ఆకాశాన్నంటాలి" అన్నారావిడ.

అబ్బులు మౌస్‌తో నేలని పట్టుకుని పైకి లాగాడు. కొండ లేచింది. ఇంకా లాగాడు. ఇంకా లేచింది. లేచి లేచి తెర పైఅంచు దాటిపోయింది.

"శిఖరం ఏదిరా?" అన్నాడు చిట్టబ్బాయి.

"పైకెళ్ళిపోయింది అన్నయ్యా."

చిట్టబ్బాయి నిచ్చెన వేసుకుని అటకెక్కి చూశాడు. చింతపండు కుండ ఉంది, పాత ఉయ్యాల ఉంది, శిఖరం లేదు. వరాలు కింద నుంచే ఆలోచించింది.

"అటక కూడా దాటేసి పెంకుల కింద ఇరుక్కునుంటుందండీ. ఇంటికి కప్పుంటే కొండ ఆకాశాన్ని ఎలా అంటుద్ది?"

అన్నదమ్ములిద్దరూ నిచ్చెన బయటికి తెచ్చి గోడకి వేశారు. ఇంకేముంది, సాయంత్రానికల్లా ఇంటి పెంకులన్నీ దింపేశారు. చిట్టబ్బాయి తలెత్తి ఆకాశం చూసుకుని, "అంటిందండి అమ్మగారూ" అని ఫోన్‌లో చెప్పాడు. ఆవిడ శభాష్ అన్నారు.

మర్నాడు నది పని. "ఆ కొండ మీంచి పెద్ద నది దిగుతుంది. పల్లంలో ఉన్న ఇళ్ళన్నీ ముందు ఖాళీ చేసెయ్యండి. తర్వాత నది వదలండి" అన్నారు కనకవల్లి గారు.

ఊళ్ళో పల్లంలో ఉన్నది పల్లపు వీధి. అన్నదమ్ములు ఇంటింటికీ వెళ్ళి, నదొస్తోంది లేవండి అని చెప్పారు. ఇద్దరూ అంత నింపాదిగా చెప్పేసరికి జనం హడలిపోయారు. మేకల్నీ, మంచాల్నీ, ముసలివాళ్ళనీ ఎత్తుకుని హైస్కూల్లోకి చేరారు. ప్రెసిడెంటు ధర్మయ్య గారు పరుగున అన్నదమ్ముల ఇంటికి వచ్చారు.

"నదేంట్రా? మనకి నది ఎక్కడిది?"

"కొండ మీంచి వస్తదండి."

"కొండెక్కడిది?"

"నిన్న మేమే లేపామండి."

ధర్మయ్య గారు పైకి చూశారు. "ఇంటికి కప్పేదిరా?"

"కొండ పట్టలేదండి. తీసేశాం."

ఆయన అరుగు మీద కూలబడ్డారు. చిట్టబ్బాయే మర్యాదగా అడిగాడు. "మరి వదిలెయ్యమంటారా? అబ్బులు చెయ్యి మీట మీదే ఉందండి."

"వద్దు" అన్నారు ప్రెసిడెంటు గారు గబుక్కున. అన్నాక తను ఏ మాటకి జవాబిచ్చారో గుర్తొచ్చి, కండువా దులుపుకుని ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయారు.

"నది వదల్లేదండి, ప్రెసిడెంటు గారు వద్దన్నారు" అని చిట్టబ్బాయి ఫోన్‌లో చెబితే, కనకవల్లి గారు తను రాసిన కాగితాలు తిరగేశారు. "ఆయనెవరో గానీ సబబుగానే చెప్పారు. మొదటి భాగంలో నది అక్కర్లేదు" అన్నారు. పల్లపు వీధివాళ్ళు తిట్టుకుంటూ మంచాలు వెనక్కి మోసుకుపోయారు. చిట్టబ్బాయికి మాత్రం ఊరిని వరద నుంచి కాపాడానన్న సంతోషంతో ఆ పూట అన్నం సయించలేదు.

తర్వాత ఆవిడ ఇంకో జాగ్రత్త చెప్పారు. "ఇప్పటిదాకా చేసిందంతా ఒకేచోట ఉంచకండి. రెండు చోట్ల ఉంచండి. ఒక చోట పోయినా ఇంకో చోట ఉంటుంది."

ఇది తేలికైన పనే. తెర ఇంట్లో ఉంచారు. కంప్యూటర్ పెట్టెనీ, మౌస్‌నీ దుప్పటిలో చుట్టి, పక్క ఊళ్ళో వరాలు పుట్టింట్లో పెట్టారు. పొద్దున్నే చిట్టబ్బాయి అత్తారింట్లో కూర్చుని మౌస్ కదిపి, ఇంట్లో ఉన్న అబ్బులుకి ఫోన్ చేశాడు.

"ఏం కనబడుతోందిరా?"

"చీకటి అన్నయ్యా."

"అక్కడింకా రాత్రేమో. తెల్లారనీ."

మధ్యాహ్నం దాకా చూశారు. మేఘదీవిలో తెల్లారలేదు. చిట్టబ్బాయి ఇంటికొచ్చి దిగులుగా కనకవల్లి గారికి ఫోన్ చేశాడు.

"మీ రాజ్యంలో తెల్లారడం లేదండి."

"సూర్యుణ్ణి పెట్టలేదా? తూర్పున సూర్యుడుంటే వెలుగు దానంతటదే పడుతుంది."

సూర్యుణ్ణి జరపడం ముగ్గురి వల్లా కాదు గనక తెరనే జరిపారు. మర్నాడు ఉదయం దాన్ని తూర్పుకి తిప్పి పెట్టారు. ఇంటికి కప్పు లేదు కాబట్టి ఎండ నేరుగా నల్లటి అద్దం మీద పడింది. ఇద్దరూ వంగి చూశారు.

"అన్నయ్యా, మనుషులు" అన్నాడు అబ్బులు. "ఇద్దరున్నారు. ఒకడు అచ్చం నీలాగే ఉన్నాడు, పాపం."

చిట్టబ్బాయి దణ్ణం పెట్టాడు. లోపలివాడూ దణ్ణం పెట్టాడు. చిట్టబ్బాయికి వాడి మర్యాద నచ్చింది. వెంటనే ఫోన్ చేసి, వెలుగొచ్చిందని, మనుషులు కూడా వచ్చారని చెప్పాడు.

"మనుషులా?" అన్నారు కనకవల్లి గారు. "కథ మొదలయ్యేసరికి ఆ దీవిలో పురుగు కూడా ఉండకూడదు. వెంటనే తీసెయ్యండి."

చిట్టబ్బాయికి ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడే పరిచయమైన మనిషిని పొమ్మనడం ఎలా? గొంతు తగ్గించి, "బాబూ, ఏమీ అనుకోకుండా మీరు వెళ్ళిపోవాలి" అన్నాడు. లోపలివాడూ అంతే బాధగా పెదాలు కదిపాడు.

"మనల్నే పొమ్మంటున్నాడు అన్నయ్యా."

"వాళ్ళ తప్పేం లేదురా. వాళ్ళ ఊరు కదా."

"పోనీ ముందు మనం లేస్తే, మర్యాదకి వాళ్ళూ లేస్తారేమో."

ఇద్దరూ లేచి పక్కకి వెళ్ళారు. వెళ్ళారో లేదో చూసి రమ్మని వరాలుని పంపించారు. ఆవిడ తెరలోకి తొంగి చూసి వచ్చింది.

"మగాళ్ళెవరూ లేరండీ. ఒకావిడ మాత్రం ఉంది. ముక్కు బాగోలేదు. ఇల్లు సర్దుకోడానికి ఆగినట్టుంది, తొందర పెట్టకండి."

పొద్దుపోయేదాకా ఎవరూ అటు వెళ్ళలేదు. చీకటి పడ్డాక చూస్తే ఆవిడా లేదు. మేఘదీవి ఖాళీ అయిపోయింది.

గురువారం వచ్చింది. కనకవల్లి గారి గొంతులో ఆత్రం.

"ఇంక ఒక్క పనే మిగిలింది చిట్టబ్బాయ్. ఇన్నాళ్ళూ దగ్గర్నుంచి చూశారు. ఇప్పుడు వెనక్కి వెళ్ళండి. వెళ్తూనే ఉండండి. చుట్టూ సముద్రం కనబడితే ఆగండి. అప్పుడే పటం పూర్తయినట్టు."

వరాలు పులిహోర కలిపి డబ్బాలో సర్దింది. ముగ్గురూ తెరకి ఎదురుగా నిలబడి, చూపు దాని మీదే పెట్టి, వెనక్కి నడవడం మొదలుపెట్టారు. గుమ్మం దాటారు. పంచాయతీ ఆఫీసు దాటారు. వీళ్ళలా వెనక్కి పోవడం చూసి పల్లపు వీధివాళ్ళు ఒక్క మాటైనా అడగకుండా మేకల్ని విప్పుకుని మళ్ళీ హైస్కూలు దారి పట్టారు. సరుగుడు తోటలు దాటి, ఎండ వాలేవేళకి ముగ్గురి మడమలకీ అల తగిలింది.

"సముద్రం వచ్చిందండి" అన్నాడు చిట్టబ్బాయి ఫోన్‌లో.

"చుట్టూ వచ్చిందా?"

"ఒక పక్కనేనండి."

"అయితే ఇంకా వెనక్కి వెళ్ళాలి."

ఇంకేముంది, ఒడ్డున ఎవరిదో పడవుంటే ఎక్కారు. ఒడ్డు వైపు మొహాలు పెట్టుకుని కూర్చుని తెడ్లు వేశారు. తోటలు సన్నబడ్డాయి. ఒడ్డు గీతలా మిగిలింది. తర్వాత ఆ గీత కూడా లేదు. చిట్టబ్బాయి నాలుగు వైపులా తిరిగి చూసుకుని ఫోన్ చేశాడు.

"చుట్టూ సముద్రమేనండి అమ్మగారూ."

"మధ్యలో?"

"మధ్యలో మేమే ఉన్నామండి."

కనకవల్లి గారు నవ్వారు. "అవును మరి, కట్టింది మీరే కదా." తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. "ఇన్నేళ్ళూ నా బుర్రలోనే ఉండిపోయిందయ్యా అది. మీ పుణ్యమా అని బయటికొచ్చింది. ఇంక ఏదీ ముట్టుకోకండి. ఎక్కడిదక్కడ వదిలెయ్యండి" అని పెట్టేశారు.

"ఏమన్నారన్నయ్యా?" అన్నాడు అబ్బులు.

"మెచ్చుకున్నార్రా. ఇంక ఏదీ ముట్టుకోకుండా ఎక్కడిదక్కడ వదిలెయ్యమన్నారు."

అంతే. అన్నదమ్ములిద్దరూ తెడ్లు నీళ్ళలో వదిలేశారు. అవి పక్కపక్కనే కొంతదూరం తేలి, చెరో దారీ పట్టాయి. వరాలు అప్పుడే పులిహోర డబ్బా మూత తియ్యబోతోంది. దానివంక ఓసారి చూసి, అదీ వదిలేసింది. చిట్టబ్బాయి చేతిలో ఫోన్‌ని పడవ అంచున పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

పటం ఎప్పుడు పంపిస్తారో అడగడం మర్చిపోయినట్టున్నారు కనకవల్లి గారు. ఫోన్ మోగింది. ముట్టుకోవద్దన్నారు కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు.