పొడుగయ్య ఉపవాసం

చెరుకుతోట వెనక పందుల దొడ్లో సూరమ్మ అనే చూడి పంది ఉండేది. ఈనడానికి ఇంకా పదిరోజులు. పోయిన ఈతలో పాలు చాలక నాలుగు పిల్లలు కళ్ళముందే పోయాయి. తిన్నదంతా ఆమె కడుపులో కాపురమున్న ఏలికపాము పొడుగయ్యకే సరిపోయేది మరి. అందుకని యజమాని ఆ పొద్దున తవుడు కుడితిలో ఏలికపాముల మందు కలిపి తొట్టిలో పోశాడు.

సూరమ్మ మూతి పెట్టబోతుంటే లోపలినించి పొడుగయ్య పలికాడు.

"ఆగక్కా. నన్ను చంపే మందు నిన్ను మాత్రం వదులుతుందా? ఇద్దరిదీ ఒకటే కడుపు గదా."

నిజమే అనిపించింది. పక్క పాకలో ఆకు నములుతున్న ముసలి మేక వెంకమ్మను అడిగింది.

"అత్తా, ఇది తిననా, మాననా?"

"తినవే పిచ్చిదానా. ఏటా రెండుసార్లు నేనూ మింగుతున్నా. చచ్చానా?"

అదీ నిజమే అనిపించింది. పుట్టబోయే పిల్లల్ని తలుచుకుని, దేవుడిమీద భారం వేసి తొట్టి నాకేసింది.

పొడుగయ్య నవ్వాడు. "సరే, నేనిక ఉపవాసం. నాకున్న మూడు పెదాలూ బిగించేస్తా, చుక్క మింగను. ఆ మందును నీ కార్జమే విరగ్గొట్టి నాలుగు రోజుల్లో బయటికి తోసేస్తుంది. ఆ తర్వాత రెండింతలు తింటా."

"నోరు మూసుకుంటే మరి మాట్లాడుతున్నదెవరు?"

"ఇదే ఆఖరి మాట," అని పెదాలు బిగించాడు.

సూరమ్మకు అంతా అయోమయం. వాడు మింగకపోతే మందు తన ఒంటికి పడుతుందా, పిల్లలకు పోతుందా? కడుపుకు చెవి ఆనించి విందామంటే మెడ వంగదు.

మర్నాడు సాయంత్రం, బిగించిన పెదాల సందులోంచి నీరసంగా గొంతు వచ్చింది.

"అక్కా, ఒట్టు, నేనేమీ ముట్టలేదు. అయినా ఒంట్లో సత్తువ జారిపోతోంది. నాకు మందు పోసిందెవరు?"

"నాకేం తెలుసు తమ్ముడూ. ఉపవాసమన్నది నువ్వేగా," అంది, నిజంగానే తెలియక.

మూడోరోజు పొద్దున పొడుగయ్య పెంటతో పాటు బయటపడ్డాడు. కదలిక లేదు. సూరమ్మ వాసన చూసి మేకవైపు తిరిగింది.

"వీడు చుక్క మింగలేదత్తా. మందు ఎలా ఎక్కింది?"

"తోల్లోంచి. మందు కలిసిన రసంలో నిలువునా మునిగి కూర్చున్నాడు గదే, ఒళ్ళంతా పీల్చేసింది. నీకైతే విరగ్గొట్టి పారేసే కార్జం ఉంది. వాడికేది?"

"అంటే వాడు తాగాడా, తాగలేదా?"

"పోయాడు గదా. అడగటం మాని తవుడు తిను."

పదిమంది పిల్లలు ఒత్తుకుంటూ పాలు కుడుస్తున్న రోజున కూడా సూరమ్మ ఆ సంగతే ఆలోచిస్తూ పడుకుంది.

తలుపు వేశానని ధీమాగా కూర్చునేవాడు, తన ఇంటికి గుమ్మాలెన్నో ముందు చూసుకోవాలి.