రాజుగారి తరఫున తాంబూలం

ఒకానొక రాజ్యంలో, పేరు అడక్కండి, నాకూ తెలియదు, చండభానుడనే రాజు ఉండేవాడు. అన్నీ తనకే తెలుసునని ఆయన నమ్మకం.

అక్కడ ఒక ఆచారం. సభలో ఏదైనా పని తలపెడితే, దానితో సంబంధం ఉన్నవాళ్ళకి తాంబూలం ఇస్తారు. పుచ్చుకున్నారా, ఒప్పుకున్నట్టే. ఇది బాగా గుర్తుంచుకోండి.

ఇక ఆ పట్నంలో కూలి అడగకుండా సేవ చేసే జట్లు చాలా ఉండేవి. చలివేంద్రం వాళ్ళు, భజన వాళ్ళు, దిక్కులేని శవాలు మోసేవాళ్ళు. "అందరూ ఊరికే చేసేవాళ్ళే కదా, అందరికీ కలిపి ఒకడు చాలు" అని రాజు వాళ్ళందరి తరఫున తన బావమరిది పేరిరాజును సభలో కూర్చోబెట్టాడు.

ఎండలు ముదురుతుండగా, కోటగుమ్మం దగ్గరి చలివేంద్రం తీసేసి పల్లకీల సావడి కట్టాలన్నారు. పేరిరాజు తాంబూలం పుచ్చుకుని నమిలేశాడు.

చలివేంద్రం నడిపే నాంచారమ్మ ఆస్థాన విదూషకుడు కొండుభట్టు దగ్గరికి వచ్చింది. "మేం ఒప్పుకున్నామట బాబయ్యా. ఎప్పుడు ఒప్పుకున్నామో మాకే తెలియడంలేదు. ఈ ఎండల్లో జనం గొంతెక్కడ తడుపుకుంటారు?"

కొండుభట్టు వెళ్ళి పేరిరాజును అడిగాడు.

"చలివేంద్రమా? నేను భజన వాళ్ళ తరఫున అనుకున్నానే" అన్నాడు పేరిరాజు, నిజంగానే తికమకపడుతూ.

మర్నాడు నిండు సభ ముందునుంచే నలుగురు బోయీలు రాజుగారి పట్టెమంచం మోసుకుపోతున్నారు. నాంచారమ్మ ఓ పక్కగా నిలబడి చూస్తోంది.

"ఎక్కడికిరా అది?" అన్నాడు రాజు.

"పురిటాళ్ళ సత్రానికి ప్రభూ" అన్నాడు కొండుభట్టు. "తమరు ఒప్పుకున్నారు కదా."

"నేనా? ఎప్పుడు?"

"నిన్న. తమరి తరఫున కోట కావలి మల్లన్న తాంబూలం పుచ్చుకున్నాడు."

"వాడెవడయ్యా నా తరఫున?"

"నేనే పెట్టాను. తమరూ కోటలోనే ఉంటారు, వాడూ కోటలోనే ఉంటాడు. ఒకడు చాలనుకున్నాను."

"మంచం నాది. నన్నొక్క మాట అడగొద్దూ?"

కొండుభట్టు పక్కకి తిరిగాడు. "నాంచారమ్మా, నువ్వేదో అడగాలన్నావు."

"ఇంకేముంది బాబయ్యా, రాజుగారే అడిగేశారు."

రాజుకి అప్పుడు తట్టింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. చలివేంద్రం ఉన్నచోటే ఉంటుందన్నాడు. తన శాలువా తీసి కొండుభట్టుకి కప్పాడు. "నాంచారమ్మా, మీ జట్లన్నీ కలిసి మీ మనిషిని మీరే ఎంచుకోండి. ఆ మనిషి మిమ్మల్ని అడిగి వచ్చాకే మాకు జవాబు చెప్పాలి. పొద్దు వాలేలోగా పేరు చెప్పండి, ఇక్కడే ఉంటాను" అన్నాడు.

జట్లన్నీ కూర్చుని వాదించుకోవడం మొదలుపెట్టాయి. పొద్దు వాలింది. పేరు తేలలేదు. రాజుగారు ఇంకా ఎదురుచూస్తున్నారని తెలిసి, నాంచారమ్మ ఆయనకో ముంత మజ్జిగ పంపింది.