బెల్లం తూకానికి కూర్చున్న రాజుగారు

ఏ సీమో, ఏ కాలమో నన్నడక్కండి. ఒకానొక రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే మహారాజు ఏలుతుండేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఆకలికి ఆగలేడు, ఇంకొకరు తనకన్నా గొప్ప అంటే అసలే ఆగలేడు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఏటా అమ్మవారి జాతరనాడు పెద్ద తక్కెడ కడతారు. ఒక పళ్లెంలో రాజు కూర్చుంటాడు, రెండో పళ్లెంలో బెల్లం దిమ్మలు పేరుస్తారు. రాజు ఎంత తూగితే అంత బెల్లమూ ఆ ఏడు పురుడు పోసుకున్న తల్లులకు పంచిపెడతారు.

ఒక ఏడు ఏమైందంటే, కోట కొట్లో బెల్లమంతా అయిపోయినా రాజుగారి పళ్లెం నేల వదల్లేదు. అంగడివీధికి బండి తోలి ఇంకా తెప్పిస్తే, అప్పుడెలాగో మూలుగుతూ లేచింది. బాలింతలు చేతులెత్తి దండం పెట్టి, మా రాజు చల్లగా ఉండాలి, వచ్చే ఏడు ఇంకాస్త ఒళ్లు చెయ్యాలి అని దీవించారు. వాళ్లు మనసారా అన్న మాటే అది. రాజుగారికి మాత్రం తల కొట్టేసినట్టయింది.

మర్నాడే శోషణాచార్యులనే వైద్యపండితుణ్ణి రప్పించాడు. ఆయన వస్తూనే పథ్యం పెట్టాడు. పొద్దున ఉలవకట్టు, మధ్యాహ్నం ఉలవకట్టు, రాత్రికి దాని మీది తేట. వెనకాలే గంట పట్టుకుని ఒక భటుడు. రాజు దేనిమీద చెయ్యి వేసినా వాడు గంట కొట్టి, ప్రభువులు అరటిపండు ముట్టుకున్నారహో అని కోటంతా వినబడేలా చాటాలి. పిండివంటలేవీ ప్రభువుల కంటపడకుండా రోజూ ఆచార్యులవారి ఇంటికి చేరాలని కూడా ఒక ఉత్తర్వు పుట్టించాడు.

ఈ గంట సంగతి నాకు బాగా తెలుసు లెండి. మా కోడలు నా మేలు కోరే నా ఫోన్లో ఒక యాప్ పెట్టింది. తిన్నదల్లా దానికి చెప్పుకోవాలి. ఒక గారె తిన్నానంటే ఎర్రగా వెలిగి టింగుమనేది. ఆఖరికి నేను గారెలు మానలేదు, దానికి చెప్పడం మానేశాను. రాజుగారి పనీ అంతే అయింది.

భటుడు కునుకు తీయగానే వంటింటి వెనక గుమ్మంలోంచి దూరి, చేతికందింది గబగబా మింగేసేవాడు. నమిలే వ్యవధి లేకపోతే రుచేం తెలుస్తుంది? రుచి తెలియలేదని ఇంకోటి. కొన్నాళ్లు తిరిగేసరికి మొలకు కట్టే పట్టీ మునుపటికన్నా బిగుతైంది.

తన పథ్యంలో లోపముందని ఆచార్యులు ఒప్పుకుంటాడా? వంటశాల పెద్ద సుబ్బరత్తమ్మే చాటుగా పెడుతోందని తేల్చేశాడు. తల్లిలేని పిల్లవాడికి గోరుముద్దలు తినిపించి రాజును చేసింది ఆమే. ఇప్పుడు ముసలిదైంది, ఆ కోట తప్ప తలదాచుకునే చోటు లేదు. దొంగతనంగా తిన్నది నేనే అని నిండు సభలో చెప్పడానికి రాజుకు నోరు రాలేదు. మొహం పక్కకు తిప్పుకుని, జాతరనాటికి తాను తేలికపడకపోతే ఆమె రాజ్యం విడిచి పోవాలని తీర్పు చెప్పాడు. సుబ్బరత్తమ్మ మాత్రం, బాబు ఈ పూట ఏమైనా తిన్నాడా అని పక్కవాళ్లను అడిగి వెళ్లిపోయింది.

ఆ సభలో పేరయ్య అనే చమత్కారి ఉన్నాడు. అతనూ ఆమె చేతి కూడు తిన్నవాడే. ఆమెను వెళ్లనివ్వకూడదనుకున్నాడు. కానీ రాజుకు బుద్ధి చెప్పబోతే మొదటికే మోసం వస్తుందని తెలిసినవాడు కనుక మర్నాటి దాకా ఆగాడు.

మర్నాడు సభలో, మీ తాతగారంతటి దాత ఇక పుట్టడని బయట చెప్పుకుంటున్నారు ప్రభూ అని మెల్లగా అందుకున్నాడు. రాజు చప్పున నిటారుగా కూర్చుని, ఆయన అంత ఘనకార్యం ఏం చేశాడో చెప్పమన్నాడు.

"పెద్దగా ఏం లేదు ప్రభూ. లడ్డు ముక్క తినాలన్నా సరే, ముందు బంతి వేయించి, అందరికీ తన చేత్తో వడ్డించి, ఆఖరి మనిషి చెయ్యి కడిగాకే తాను విస్తరి ముందు కూర్చునేవారట. మీబోటి సుకుమారులకు కష్టం లెండి."

"మాకు కష్టమా?" అన్నాడు రాజు. "జాతర దాకా మేం ఏది తిన్నా వడ్డించాకే తింటాం. ఇది మా మాట."

గంటా ఉలవకట్టూ అవతల పారేయమన్నాడు. రాజు ఇంకా బలుస్తాడు, నేరం ముసలిదాని నెత్తిన పడుతుంది అనుకుని ఆచార్యులు లోలోపల మురిసిపోయాడు. పిండివంటల ఉత్తర్వు మాత్రం ఎవరూ ఎత్తేయమనలేదు, ఆయనా గుర్తు చేయలేదు.

బంతికి మనుషుల్ని తాను చూస్తానని పేరయ్య పూచీపడి, రాజుగారి పల్లకీ మోసే బోయీలనే పిలుచుకొచ్చి, వాళ్ల పక్కన తనకూ ఒక విస్తరి వేయించుకున్నాడు. ఆ పల్లకీ మోసేవాళ్ల ఆకలి ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. రాజు పట్టుపంచె ఎగ్గట్టి, అన్నం గంప పట్టుకుని వంగుతూ లేస్తూ బంతి చివరికి వచ్చేసరికి, మొదటివాడు మారు అడిగేవాడు. అటు పప్పు తీసుకెళ్తే ఇటువాడికి పులుసు కావాలి. తన వంతు వచ్చేసరికి ఒళ్లంతా చెమట. గబగబా మింగే ఓపిక కూడా మిగల్లేదు. నింపాదిగా ఒక్కో ముద్దా కలుపుకుంటూ, పప్పులో ఇంగువ వేస్తున్నావా అని సుబ్బరత్తమ్మను అడిగాడు. మీ చిన్నప్పటి నుంచీ వేస్తున్నాను నాయనా అందామె.

పగటిపూట లడ్డు మీద మనసు పోయేది. మాట ఇచ్చాడు కదా, ఒక్క లడ్డు చేయించుకుని తినాలన్నా పడుకున్న బోయీలను లేపాలి, పేరయ్యకు కబురంపాలి, విస్తళ్లు వేయించాలి, వడ్డించాలి. నాలుగుసార్లు అవస్థ పడ్డాక, పోనీలే భోజనంలో చూద్దాం అనుకోవడం దానంతట అదే అలవాటైంది.

ఒకనాడు వడ్డిస్తూ వంగినప్పుడు ఎర్రెన్న అనే ముసలి బోయీ భుజం కంటపడింది. కాయ కాసి, దాని మీద చర్మం చిట్లి ఉంది. అదేమిటని అడిగితే, ఏం లేదు దొరా అని ఎర్రెన్న కండువా కప్పేసుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి రాజు గుడికి నడిచే వెళ్లేవాడు.

జాతర వచ్చింది. సుబ్బరత్తమ్మ బట్టల మూట సర్దుకునే వచ్చి, జనం వెనకాల నిలబడింది. రాజు పళ్లెంలో కూర్చున్నాడు. బెల్లం పేరుస్తుంటే, కొట్లో సరుకు ఇంకా ఉండగానే, రాజు గాలిలోకి లేచాడు. పేరయ్య వెళ్లి ఆమె చేతిలో మూట అందుకున్నాడు.

అయితే బాలింతల మొహాలు చిన్నబోయాయి. ఈ ఏడు బెల్లం తగ్గిందే అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంతలో ఆచార్యులు ముందుకొచ్చి, తన ఉలవకట్టు నిదానంగా పనిచేసిందనీ, సన్మానం తనకే దక్కాలనీ అన్నాడు.

"ఒప్పుకుంటున్నాను ప్రభూ," అన్నాడు పేరయ్య. "మీ ఒంట్లో తగ్గిన బరువు ఊరు దాటలేదు. పిండివంటలు వెళ్లిన దారినే వెళ్లి ఆచార్యులవారి దగ్గర భద్రంగా ఉంది. ఆయన్నీ మీ పక్కన కూర్చోబెడితే ఈ తల్లులకు లోటుండదు."

అందరి చూపూ ఆచార్యులవారి బొజ్జ మీదికి పోయింది. రాజు పళ్లెం ఊగిపోయేలా నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆచార్యులు ఎక్కక తప్పలేదు. పోయిన ఏటికన్నా ఎక్కువ బెల్లమే పంచారు.

కిందికి దిగాక రాజు పేరయ్యను దగ్గరికి పిలిచి, మా తాతగారు నిజంగా అలా వడ్డించేవారా అని అడిగాడు.

"ఆయన్ని నేను చూడలేదు ప్రభూ. మీరు వడ్డించడం చూశాను."

రాజు మళ్లీ నవ్వాడు. తన చేతి బంగారు మురుగు తీసి పేరయ్యకు తొడిగి, ఇంకేం కావాలో కోరుకోమన్నాడు. మీతో పాటు వేళకాని వేళల్లో తిని నా పంచె చాలడం లేదు, నా విస్తరి ఎత్తేయించండి చాలు అని పేరయ్య మొరపెట్టుకున్నాడు.

ఆ రోజు బంతిలో మొదటి విస్తరి సుబ్బరత్తమ్మకు వేశారు. పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరు వడ్డిస్తే తినడం ఆమెకు అదే మొదలు. రాజు వంగి అన్నం వడ్డిస్తూ, తలెత్తకుండానే అన్నాడు.

"వెనక గుమ్మంలోంచి దూరి తిన్నది నేనేనమ్మా. నింద నీ మీద వేశాను. నువ్వు పెట్టిన కూటికి నేను చేసింది ఇదీ."

"నాకు తెలుసు నాయనా," అందామె. "అందుకే ఆ తలుపు గడియ వేసేదాన్ని కాదు."

రాజుకు నవ్వూ కన్నీళ్లూ ఒక్కసారే వచ్చాయి. కళ్లు తుడుచుకుని, ఆమె పప్పులో ఇంకో గరిటె నెయ్యి వేశాడు.