గోలపెట్టె

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు, అంకుడుపాలెం అని. ఆ ఊళ్ళో నూకరత్నమని ఒక అమ్మమ్మ ఉండేది. నాలాంటిదే, కాకపోతే నాకన్నా చేతిపని తెలిసినది. ఊఁ కొట్టాలి మరి, లేకపోతే కథ నడవదు.

ఆ ఊళ్ళో ఇంటింటా లక్కబొమ్మలు చేసేవారు. అంకుడు కర్రని మిషను మీద గిర్రున తిప్పి, ఉలితో చెక్కి, తిరుగుతుండగానే రంగు లక్క అద్దితే, కర్ర కాస్తా అద్దంలా మెరిసేది. రత్నం చేసిన బొంగరమైతే ఒక పట్టాన ఆగేది కాదు.

రత్నానికి ఒక్కతే కూతురు, లోవ. అల్లుడు లారీ మీద ఊళ్ళు తిరిగేవాడు. లోవ పట్నంలో బస్టాండు పక్కన టీకొట్టు నడిపేది. కొట్టు మీదే మేడగది, అందులోనే కాపురం. లోవకి అయిదేళ్ళ కూతురు ఉంది, పేరు ముత్యం. కడుపులో ఇంకో బిడ్డ. అప్పుడు డాక్టరమ్మ చూసి, "కాన్పయ్యేదాకా నువ్వు మంచం దిగకూడదు. దిగావా, బిడ్డ దక్కదు," అని చెప్పి లోవని ఆసుపత్రిలో పడుకోబెట్టేసింది.

అప్పుడు రత్నం వెళ్ళి ముత్యాన్ని తెచ్చుకుంది. "దీని గురించి బెంగెట్టుకోకే. నా దగ్గర హాయిగా తిని పడుకుంటాది," అని కూతురికి మాటిచ్చింది.

తినడం తింది. పడుకోవడమే లేదు.

మొదటిరోజు రత్నం జోల పాడింది. పాడి పాడి తనే నిద్రపోయింది గానీ పిల్ల కన్ను మూయలేదు. రెండోరోజు తలకి ఆముదం పెట్టి, అరికాళ్ళు రుద్దింది. ఊహూఁ. మూడోరోజు వేడిపాలు పట్టింది. పిల్ల శుభ్రంగా తాగి, మూతి తుడుచుకుని, వీధి తలుపు వైపు చూస్తూ కూచుంది.

ఆ తర్వాత వారం తిరిగేసరికి ముత్యం కళ్ళ కింద నల్లబడింది. పగలు కూచున్నచోటే తూలిపోయేది. రత్నం గుండె జారిపోయింది. ఈ సంగతి లోవ చెవిన పడితే? మంచం దిగి పరిగెత్తుకు వచ్చేస్తుంది. తన కూతురి సంగతి తనకి తెలీదూ! అప్పుడు కడుపులో బిడ్డ గతేం కాను? ఆ మాట ఎవరితోనూ అనలేక రత్నం రోజంతా కర్ర చెక్కుతూనే ఉంది.

అప్పుడు ఆవిడకి పోలారావు గుర్తొచ్చాడు. పోలారావు ఆ ఊళ్ళో రేడియోలు బాగుచేసేవాడు. నాటకాలవాళ్ళకి చప్పుళ్ళ పెట్టెలు కూడా చేసిపెట్టేవాడు. ఒక బిరడా తిప్పితే ఉరుము, ఇంకోటి తిప్పితే వాన, మరోటి తిప్పితే గుర్రం పరుగు. తెరిచి చూస్తే లోపల వానా ఉండదు, గుర్రమూ ఉండదు. నాలుగు తీగలు, ఒక బ్యాటరీ, పోలారావు తెలివి, అంతే. పాపం, జన్మంతా రేడియోలకి చెవి ఆనించీ ఆనించీ ఆయనకి వినికిడి మాత్రం సగమే మిగిలింది.

"తమ్ముడూ, మా మనవరాలికి ఒక జోలపెట్టె చేసిపెట్టు. చంకన పట్టేటంతది చాలు," అంది రత్నం.

పోలారావు ఆవిడని వింతగా చూశాడు. "చిన్నపిల్లకా అప్పా? నిజంగా అదే కావాలా?"

"అదే కావాలి. ఎంత వేగిరం అయితే అంత మంచిది."

"సరే, నీ ఇష్టం," అన్నాడు పోలారావు.

అప్పుడు రత్నం తన చేత్తోనే అంకుడు కర్రతో పెట్టె చేసింది. ఎర్రదొకటి, పసుపుదొకటి, నీలిదొకటి, మూడు బిరడాలు చెక్కి లక్క అద్దింది. ఆ తర్వాత పోలారావు లోపల తీగలు బిగించాడు.

మూడోరోజు సాయంత్రం రత్నం ఆ పెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. ముత్యాన్ని పడుకోబెట్టి, ఏటి గలగలలు వస్తాయనుకుంటూ ఎర్ర బిరడా తిప్పింది.

గుర్ర్ర్ర్... పాత బస్సు ఇంజను! కంగారుగా పసుపుది తిప్పింది. బాఁయ్ బాఁయ్ అని హారను. నీలిది తిప్పింది. వందమంది ఒక్కసారే అరిచినట్టు ఒకటే రొద. గూట్లో కోళ్ళు గగ్గోలు పెట్టాయి. ఇరుగుపొరుగు వీధిలోకొచ్చి నిలబడ్డారు.

"ఓరి నీ చెవులు తగలెయ్యా! జోలపెట్టె చెయ్యమంటే గోలపెట్టె చేశాడే!" అని రత్నం నెత్తి కొట్టుకుని ఆపబోయింది.

అప్పుడు ముత్యం చటుక్కున లేచి కూచుంది. "ఆపకే అమ్మమ్మా. నాకియ్యి."

పిల్ల పెట్టెని ఒళ్ళో పెట్టుకుంది. ముందు నీలిది తగ్గించింది. జనం పల్చబడ్డారు. ఆ తర్వాత పసుపుది రెండుసార్లు కొంచెం కొంచెం తిప్పింది. బాఁయ్, బాఁయ్. ఆ తర్వాత ఎర్రదాన్ని పిసరంత పిసరంత వెనక్కి తిప్పుతూ పోయింది. బస్సు కదిలింది, మలుపు తిరిగింది, దూరమైంది, వినపడకుండా పోయింది.

"ఆఖరి బస్సెళ్ళిపోయింది. ఇంక అమ్మ కొట్టు కట్టేసి పైకొచ్చేస్తాది," అంది ముత్యం. అని, గోడవైపు జరిగి, పక్కన చోటు వదిలి పడుకుంది.

రత్నానికి అప్పుడు తెలిసొచ్చింది. ఈ ఊరికి బస్సు లేదు. బస్సు వెళ్ళందే అమ్మ రాదు. అమ్మ రాందే ఈ పిచ్చితల్లి పడుకోదు. ఆవిడకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. వెళ్ళి ఆ ఖాళీచోట్లో ఒదిగి పడుకుంది. ముత్యం కాలు తీసి ఆవిడ మీద వేసి, నిద్రపోయింది.

మర్నాడు ఈ సంగతి చెబితే పోలారావు తెల్లబోయాడు. "నువ్వడిగిందేగా చేశాను? గోలపెట్టె కావాలన్నావు. బస్టాండుని మించిన గోల ఏదుంటాది? పసిపిల్లకి ఇదేటని నాకూ అనుమానమే అప్పా!"

అప్పట్నుంచి రోజూ దీపాలు పెట్టాక ముత్యం ఆఖరి బస్సుని పంపించేది. పక్కింటివాళ్ళు కూడా ఆ బస్సు వెళ్ళాకే తలుపులు వేసుకునేవారు. ఆసుపత్రిలో లోవకి, పిల్ల హాయిగా తిని పడుకుంటోందని కబురు వెళ్ళేది. ఆ కబురు ఇప్పుడు నిజమే. లోవ మంచం దిగకుండా నెలలు నిండించుకుంది. పండంటి మగపిల్లాణ్ణి కంది.

ఆ తర్వాత ఒక సాయంత్రం లోవ చంటివాణ్ణి ఎత్తుకుని అంకుడుపాలెం వచ్చింది. అందరూ అన్నాలు తిన్నారు, పక్కలు వేసుకున్నారు. అప్పుడు రత్నం అలవాటుగా పెట్టె తెచ్చి మనవరాలి ఒళ్ళో పెట్టింది. "వేళయిందే ముత్యం, బస్సు పంపించు."

ముత్యం పెట్టె వైపు చూసింది. పక్కన పడుకున్న అమ్మ వైపు చూసింది.

"ఇంకెందుకమ్మమ్మా? అమ్మ వచ్చేసిందిగా," అంది. లోవ మీద కాలు వేసింది, నిద్రపోయింది.

రత్నం పెట్టెని తీసుకెళ్ళి గోడ గూట్లో పెట్టింది. చంటివాడు మాత్రం ఏ పెట్టే అక్కర్లేకుండానే ఊరంతా వినపడేలా కేరుమన్నాడు.

ఏదీ, ఇంకా ఊఁ కొడుతున్నావా? రా, కాలు నా మీద వేసుకో.

గోలేమో గూట్లోకెక్కింది,
జోలేమో ఊయల ఎక్కింది,
కథేమో కంచి బస్సెక్కింది,
కునుకొచ్చి మన ఇంట దిగింది.